పైచెక్కు ముక్క

కాలు జారితే లేవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. పోయినవారం నేను జారింది నోరే. మరిచిపోయినవాళ్లకి మళ్లీ చెబుతాను. తాత పెట్టిన ఈ శాండ్‌విచ్ దుకాణం, దాంతోపాటు ఒకే కప్పు కింద ఉన్న బారు, నాకూ తమ్ముడికీ చెరిసగం. ఒక పెద్ద కంపెనీ కొంటానంటోంది. వాడు అమ్మేద్దామంటాడు, నేను నా తల తీసినా అమ్మనంటాను. "జనానికి మన తిండి నచ్చట్లేదక్కా, ఫోన్‌లో ఏం రాస్తున్నారో చూడు" అని వాడు రెచ్చగొట్టాడు. నేను రెచ్చిపోయాను. "సరే, తినేవాళ్లనే తేల్చమందాం. ఈ నెల రాసినవాటిలో మెచ్చుకున్నవాళ్లు ఎక్కువైతే నువ్విక అమ్మకం మాట ఎత్తకూడదు. తిట్టినవాళ్లు ఎక్కువైతే నేను సంతకం పెట్టేస్తాను" అన్నాను. ఆ గడువు ఇవాళ సాయంత్రంతో సరి. తమ్ముడు కాగితాలు పట్టుకుని బయలుదేరాడు కూడా.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక, సాయంత్రం గిరాకీ మొదలయ్యేలోపు ఒక పాడు వేళ ఉంటుంది మా దుకాణంలో. కుర్చీలూ నేనూ మిగులుతాం. బారు వెనక మా నాన్నకి వరసకి తమ్ముడైన బాబాయి ఉంటాడు గానీ, ఆయన మాట్లాడడం కుర్చీ మాట్లాడడం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ వేళలో ఒక మూల కూర్చుని నా శాండ్‌విచ్ నేను తింటూ, జనం రాసినవి చదువుకోవడం నాకు అలవాటైపోయింది. ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లు లేనప్పుడు తిట్లైనా తోడే కదా.

ఏమేం రాస్తారనుకున్నారు! "మాంసం వెన్నలా ఉంది, కోసి ఇచ్చే ఆవిడ మాత్రం మిరపకాయలా ఉంది" అని ఒకడు. "నూరేళ్ల గోడలు, నూరేళ్ల దుమ్ము" అని ఇంకొకడు. "చరిత్ర చరిత్ర అంటారు, చరిత్ర తింటే కడుపు నిండుతుందా?" అని ఒక మహాతల్లి, ఆవిడ రెండు శాండ్‌విచ్‌లు తిని వెళ్లిన ఘటం, నాకు బాగా గుర్తు. ఒకాయన సెలవు రోజున వచ్చి, తలుపు మూసుందని ఒక్క స్టారు ఇచ్చిపోయాడు. మెచ్చుకున్నవాళ్లూ లేకపోలేదు. "లోకంలో ఇంకా ఎవరో ఒకరు చేత్తో కోస్తున్నారు, అది చాలు" అని ఒకమ్మాయి రాసింది. "మా తాతయ్య ఇక్కడే మా నాయనమ్మని మొదటిసారి చూశాడట. ఏ కుర్చీలో అని అడిగితే, కౌంటరు దగ్గరావిడ 'ఏది ఖాళీగా ఉంటే అది' అంది. అయినా తిండి బాగుంది" అని మరొకరు. నిజమే, అన్నాను. వెనక అంత పెద్ద క్యూ పెట్టుకుని కుర్చీల పురాణం ఎవరు చెబుతారు?

మంచీ చెడూ పడుగూపేకల్లా నడుస్తున్నాయి. నా ప్రాణం తీస్తున్నది మాత్రం ఒక్కడే. పేరు 'పాత గిరాకీ' అని పెట్టుకున్నాడు. పందెం వేసిన మర్నాటి నుంచీ రోజూ ఏదో ఒకటి రాస్తున్నాడు. రొట్టె ముక్క మందంగా కోశారంటాడు, ఆవ ముద్దలో ఘాటు చచ్చిందంటాడు, ఆ కౌంటరావిడ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో అంటాడు. చుట్టపుచూపుగా వచ్చిపోయేవాడి మాటల్లా ఉండవు, ఇంట్లో కూర్చుని చూసినట్టు ఉంటాయి. వాడివి తీసేసి చూస్తే నాదే పైచేయి. వాడివి కలిపితే తమ్ముడిది. కందకు లేని దురద ఈ కత్తిపీటకెందుకో అని రోజూ తిట్టుకుంటూనే ఉన్నాను. తమ్ముడికి మాత్రం వాడంటే మహా గౌరవం. "చూడక్కా, ఎంత అనుభవం ఉన్న మనిషో" అని ఫోన్ చేసి మరీ చదివి వినిపిస్తాడు.

ఇవాళ కూడా రాశాడు. శాండ్‌విచ్ సగంలో ఉండగా చూశాను.

"ఇవాళ పైచెక్కు నోట్లో పెట్టుకోలేకపోయాను. ఉప్పు కషాయం. ఆవిడ చెయ్యి ఇక్కడుంది, మనసు ఇక్కడ లేదు. ఇక మూసేయడం మంచిది."

ఒక్కసారి చదివి పళ్లు కొరికాను. రెండోసారి చదివాక నమలడం ఆపేశాను.

ఇక్కడ మా దుకాణం పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. ముందురోజు సాయంత్రం మాంసం దిమ్మకి ఉప్పూ మిరియాలూ పట్టించి పెడతాను. తెల్లవారాక పొయ్యిలోకి వెళ్తుంది. బయటికి తీశాక, మీద నల్లగా గట్టిపడ్డ చెక్కుని ముందు చెక్కేయాలి. ఆ చెక్కు గిరాకీకి వెయ్యం. లోపలి మెత్తని భాగమే కోసి రొట్టెలో పెడతాం. చెక్కులో మొదటి ముక్క మాత్రం సాసరులో పెట్టి బారు దగ్గరికి పంపాలి. బారులో ఉన్న మనిషి అది తిని "ఊ" అనాలి. ఆ "ఊ" వినబడితేనే వీధి తలుపు తెరవాలి. కోసే చెయ్యి నమలకూడదు, నమిలే నోరు కొయ్యకూడదు అని తాత శాసనం. తన వంట తనకి చేదుగా ఉంటుందా అని ఆయన వాదం. నేను కత్తి పట్టిన నాటి నుంచీ మా బారులో ఉన్న మనిషి బాబాయి ఒక్కడే.

మిగతా చెక్కంతా వంటగదిలో గిన్నెలో పడుంటుంది, సాయంత్రం వెనకవీధి కుక్కలకి పెడతాను. లేచి వెళ్లి ఆ గిన్నెలోంచి చిన్న తునక తీసి నోట్లో వేసుకున్నాను. అమ్మో! నాలుక ముడుచుకుపోయింది. నిన్న సాయంత్రం తమ్ముడి రాక తలుచుకుంటూ ఉప్పు రెండుసార్లు పట్టించేశానన్నమాట. లోపలి మాంసానికి అది చేరలేదు, మధ్యాహ్నం తిన్నవాళ్లెవరూ ఉప్పు మాటే ఎత్తలేదు, నేను తింటున్నదీ బాగానే ఉంది. ఈ ఉప్పు సంగతి తెలిసిన నోరు లోకంలో ఒక్కటే. అది పొద్దున్న నా మొహం చూస్తూ "ఊ" అన్న నోరు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు పట్టుకున్న సంతోషం కూడా లేదు. ఇంత పెద్ద లోకంలో నా పక్షాన ఒక మనిషున్నాడనుకున్నాను, ఆ మనిషే వీడు.

బారు దగ్గరికి వెళ్లాను. బాబాయి గ్లాసులు తుడుస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా, ఇస్త్రీ చొక్కాలో, ఎవరో వస్తారన్నట్టు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు.

"బాబాయ్, ఇవాళ చెక్కు ఎలా ఉంది?"

"ఊ అన్నానుగా."

"అన్నావు. ఎలా ఉందని అడుగుతున్నా."

"బాగానే ఉంది అమ్మడూ."

ఫోను బారు మీద పెట్టి ఆయన ముందుకి తోశాను. "చదువు."

"కళ్లజోడు పైన గదిలో ఉంది."

"రాసేటప్పుడు పెట్టుకున్నావుగా, అది తెచ్చుకో."

చేతిలో గుడ్డ ఆగింది. ఆయన ఫోను వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. మెల్లగా అడిగాడు. "ఎలా తెలిసింది?"

"చెక్కు నువ్వు తప్ప ఎవరు తింటారు బాబాయ్?"

"ఛ!" అని నుదురు కొట్టుకున్నాడు. "దోసకాయల గురించి రాయాల్సింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెనిగర్‌లో ఊరిన దోసకాయలైతే గిరాకీ అంతా తింటారు, దొరికిపోయేవాడు కాదు. అంత తెలివిగల మనిషి రోజూ పొద్దున్నే తిన్న చెక్కు దగ్గరే తప్పటడుగు వేశాడు. ఆయనకి అది అందరూ తినేదే అనిపించి ఉంటుంది. ఒక్కడే తింటున్నానని మరిచిపోయేంత అలవాటన్నమాట.

"అసలు నీకు ఇవన్నీ రాయడం ఎవరు నేర్పారు?"

"నువ్వే. వాన వస్తుందో లేదో చూసుకోమని ఫోన్ నేర్పావు కదా. అక్కడినుంచి ఇక్కడికి ఎంత దూరం?"

"మొహం మీద చెప్పొచ్చుగా! మొహం మీద ఊ, వెనకనుంచి ఉప్పు కషాయమా? నేను నీకేం చేశాను బాబాయ్? నా నోటి దగ్గర కూడు తీసి తమ్ముడికి పెడతావా? వాడేమైనా ఆశ చూపించాడా నీకు?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. బాబాయి మొహం మాడిపోయింది.

"మొహం మీద చెప్తే వింటావా నువ్వు? మీ నాన్న విన్నాడా? మీ వంశంలో చెవులు అలంకారానికే కదా."

"ఏం చెప్తావో చెప్పు, ఇప్పుడు వింటా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కిటికీలోంచి వచ్చిన ఎండ బారు మీద పడి ఉంది. ఇద్దరం ఆ ఎండనే చూస్తూ నిలబడ్డాం.

"రొట్టెలాయన నిన్ను అడిగిన రోజు నేనిక్కడే ఉన్నాను" అన్నాడు.

రోజూ పొద్దున్న రొట్టెలు తెచ్చేవాడాయన. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. నా పెళ్లి నిలవని సంగతి తెలిసీ ఎప్పుడూ ఒక్క ప్రశ్న అడగలేదు. నిరుడు బేకరీ మూసి వేరే ఊరు వెళ్లిపోతూ, "నువ్వూ రాకూడదూ?" అన్నాడు. సంచీలు దించుతూ, నా మొహం చూడకుండా అన్నాడు. బాబాయి విన్నాడని నాకు తెలియదు.

"నువ్వేమన్నావో గుర్తుందా?"

"గుర్తుంది."

"దుకాణం ఎవరు చూస్తారు, అన్నావు. అదే మాట నేనూ అన్నానమ్మడూ ఒకప్పుడు. అక్షరం పొల్లుపోకుండా. ఆ చివర కుర్చీలో కూర్చునేది ఒకామె, రైల్వేలో ఉద్యోగం. బదిలీ అయింది, వస్తావా అంది. అన్నయ్య ఒక్కడూ ఎలా చేసుకుంటాడు, బారు ఎవరు చూస్తారు అన్నాను."

"ఆమె ఏమంది?"

"ఏమంటుంది? గ్లాసు ఖాళీ చేసి లేచింది." ఆయన చెయ్యి ఊరికే బారు చెక్క మీద రాస్తోంది. "పగలంతా మనుషులే మనుషులు. తింటారు, తాగుతారు, భలే ఉంది అంటారు, చెత్తగా ఉంది అంటారు. ఎవరేమన్నా చివరికి అందరూ ఇంటికి పోతారు. నేను తలుపు వేసుకుని ఆ మెట్లెక్కి పై గదికి పోతాను. ఇన్నేళ్లూ అలవాటైపోయింది, నాకు బాధ లేదు. కానీ ఈ మధ్య నువ్వు ఆ మూల కూర్చుని ఫోను చూసుకుంటూ తింటుంటే నాకు ముద్ద దిగట్లేదు. అచ్చం నాలాగే అయిపోతున్నావే తల్లీ. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు బాగుందని రాస్తే ఆ రోజంతా నీ మొహం వెలుగుతుంది. అది చూడలేకపోయాను. నలుగురూ బాగోలేదంటే విసిగిపోయి వదిలేస్తావనుకున్నాను. నలుగురూ అనట్లేదు. అందుకని నేనే అన్నాను."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా పోలేదు, రెండూ కలిసే వచ్చాయి. ఒక మనిషి నన్ను అంతసేపు, అంత దగ్గరగా చూస్తూ ఉన్నాడని తెలియక నేను ఇన్నాళ్లూ ఒంటిదాన్ననుకున్నాను. తెలిశాక ఒంటరితనం తగ్గాలి కదా, మరింత పెరిగింది. ఇద్దరం ఒకే కప్పు కింద ఇన్నేళ్లు ఉండి, ఈ నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఊరూపేరూ లేని ఫోను రాత కావాల్సివచ్చింది.

"మరి దుకాణం పోతే నువ్వెక్కడికి పోతావు బాబాయ్?"

"నాదేముందే. ఎక్కడో ఒక గది. గదిలో ఉండడం నాకు వచ్చుగా."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

అప్పుడే వీధి తలుపు తోసుకుని తమ్ముడు వచ్చాడు. చొక్కా చేతులు మడుచుకుని, భుజాన సంచీతో, ప్రయాణం బడలికతో ఉన్నాడు. వాడు చెడ్డవాడని నేను ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. పిల్లల చదువులు, పెళ్లాం సణుగుడు, ఆఫీసులో తలనొప్పులు, వాడి బాధలు వాడివి. రాగానే ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, "ఆకలేస్తోందక్కా" అన్నాడు. కోసి పెట్టాను. తింటూనే ఫోను తీశాడు.

"నేను రైల్లో లెక్క చూసుకున్నాను. ఒక్క పిసరు తేడాతో చెడ్డవే ఎక్కువున్నాయి. ఆ పాత గిరాకీ ఇవాళ కూడా రాశాడు, చూశావా? నువ్వూ ఒకసారి చూసుకో, తర్వాత నేను మోసం చేశానంటావు."

అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఒక్క మాట చాలు. 'ఆ పాత గిరాకీ ఇదిగో ఇక్కడే ఉన్నాడు, వాడివి కొట్టెయ్' అంటే పందెం నాది, దుకాణం నాది. కానీ ఆ మాట అన్నాక బాబాయి ఈ పిల్లాడి ముందు తలెత్తుకోగలడా? వీడిని చంకనేసుకుని తిప్పిన మనిషి. ఇప్పటికే వీడికి ఆయన బరువు. దొంగపేరుతో సొంత దుకాణాన్నే తిట్టాడని తెలిస్తే, 'ముసలాయనకి మతి పోయింది' అని ఊరంతా చాటుతాడు, నవ్వుతూనే చాటుతాడు. ఆ చాటింపు విన్నాక బాబాయి ఆ బారు వెనక నిలబడలేడు.

ఇంకోవైపు, ఆయన చెప్పింది అబద్ధమా? కాదు. అదే నన్ను పొడిచింది. సంతకం పెడితే ఆయన కోరిక తీరుతుంది, ఆయన పరువూ దక్కుతుంది. పోయేది నా మొండితనం ఒక్కటే. దుకాణం లేని పొద్దు ఎలా ఉంటుందో ఊహించబోయాను. ఏమీ కనబడలేదు. భయమేసింది, కానీ ఆ భయంలో ఎక్కడో రవ్వంత ఊపిరి కూడా ఆడింది.

బాబాయి వైపు చూశాను. తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తున్నాడు.

"లెక్క సరిగ్గానే ఉందిరా" అన్నాను. "నువ్వే నెగ్గావు. కాగితాలు ఇటివ్వు."

తమ్ముడు తెల్లబోయాడు. రాత్రి దాకా పోట్లాడాల్సి వస్తుందని సిద్ధపడి వచ్చినట్టున్నాడు. గబగబా చేతులు తుడుచుకుని కాగితాలు తీసి, ఎక్కడెక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. వాడు చూపించిన చోటల్లా పెట్టుకుంటూ పోయాను. చదవకుండా సంతకం పెట్టేదాన్ని మీరేమన్నా పడతాను. చదివితే చెయ్యి ఆగిపోతుందని చదవలేదు.

"ఏడవకక్కా" అన్నాడు వాడు. "నిజంగా నేను నీ మంచి చూడకుండా చేస్తానా? అసలు సంగతి చివర్లో చెప్పి నిన్ను ఆశ్చర్యపరుద్దామని దాచాను. నీ దుకాణం ఎక్కడికీ పోదు. కంపెనీవాళ్లకి ఇది ఇలాగే కావాలట. ఈ గోడలు, ఆ కత్తి, ఈ కౌంటరు, కౌంటరు వెనక నువ్వు. చరిత్ర అంటే నువ్వే కదా అన్నారు. నీ ఉద్యోగానికి ఎసరు రాకుండా గట్టిగా రాయించాను. వాళ్లు నిన్ను తీసెయ్యడానికి లేదు, నువ్వూ మానెయ్యడానికి లేదు. ఓపికున్నన్నాళ్లు ఇక్కడే."

నా చేతిలో కలం అలాగే ఉండిపోయింది.

"మరి బారు?" అని అడిగాను.

"బారు తీసేసి అక్కడ కూడా బల్లలు వేస్తారు. పై గది సామాన్లకి. బాబాయికి ఊరి చివర ఒక ఆశ్రమంలో మాట్లాడాను, చాలా శుభ్రంగా ఉంది. తోటి పెద్దవాళ్లుంటారు, ఆయనకీ కాలక్షేపం." వాడు బారు వైపు తిరిగి ఆప్యాయంగా అన్నాడు. "ఇన్నేళ్లు నిలబడ్డావు బాబాయ్. ఇక కూర్చో."

నన్ను ఇక్కడినుంచి పంపేయాలని ఆయన రాసిన ప్రతి అక్షరమూ నన్ను ఇక్కడే కట్టేసి, ఆయన్ని పంపేసింది. అది నాకు అర్థమైన క్షణానే ఆయనకీ అర్థమైంది. ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

గ్లాసు బారు మీద పెట్టిన చప్పుడైంది. బాబాయి బారు చివరి మడత చెక్క పైకెత్తి ఇవతలికి వచ్చాడు. వచ్చి తమ్ముడి ముందు నిలబడ్డాడు.

"ఒరేయ్, ఆ పాత గిరాకీని నేనే."

"ఏంటి బాబాయ్?"

"నేనేరా. అవన్నీ నేనే రాశాను, అన్నీ కావాలని రాశాను. మీ అక్కకి తెలుసు, నా పరువు కోసం నోరు మూసుకుంది. అవి తీసేసి లెక్కపెట్టు. అక్కే నెగ్గింది. ఆ కాగితాలు చించెయ్."

తమ్ముడు ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. వాడి మొహంలో నవ్వు వస్తుందేమోనని నేను భయపడ్డాను. నవ్వలేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు బల్ల మీదికి చూశాడు. తర్వాత కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్ది, మడిచి, సంచీలో పెట్టుకున్నాడు.

"సంతకం అయిపోయింది కదా బాబాయ్" అన్నాడు, తలెత్తకుండా.

నేను ఆ సంచీ మీద చెయ్యి వేశాను. వాడు వదల్లేదు. నేనూ వదల్లేదు.